బరంపురం షెడ్డులో ఎంజీ టీడీ రెప్లికా: మొదటి కొలత నుంచి చివరి స్క్రూ దాకా

పాత స్పోర్ట్స్ కారు రెప్లికా, అంటే దాని నకలు, కట్టాలనుకునేవాళ్ళు చాలామంది ఫొటో చూసి కారును ఎంచుకుంటారు. నన్నడిగితే, మీ ఊళ్ళో ఏ పని తెలిసినవాళ్ళు దొరుకుతారో చూసుకుని ఎంచుకోవాలి. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం లాంటి మన ఒడిశా సరిహద్దు ఊళ్ళలో లారీ బాడీ కట్టే వడ్రంగులు ఉంటారు, డెంటింగ్ మేస్త్రీలు ఉంటారు, బస్సు సీట్లు కుట్టేవాళ్ళు ఉంటారు. గంజాం జిల్లా ఇత్తడి పనికి పాత పేరుంది. గోపాలపూర్ తీరంలో తెలుగు మాట్లాడే నోలియా జాలరులు ఫైబర్ పడవలు నడుపుతారు, వాటిని రిపేరు చేసేవాళ్ళు కూడా అక్కడే దొరుకుతారు. వీళ్ళందరి చేతికీ లొంగే కారు ఏదో అదే మన కారు.

ఉదాహరణకు 1961లో వచ్చిన జాగ్వార్ ఈ-టైప్ ఎంత అందమైనదైనా మన షెడ్డుకు పనికిరాదు. దాని బానెట్ అంతా రెండు దిక్కుల్లో వంగిన రేకు. ముందు అద్దం కూడా వంపు తిరిగినదే, దాన్ని మన ఊళ్ళో ఎవరూ చెయ్యలేరు. దానికి పూర్తిగా వేరుగా ఉంటుంది ఇంగ్లండులో అబింగ్డన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఎంజీ కంపెనీ టీ-సిరీస్, అంటే టీసీ, టీడీ లాంటి కార్లు. చెక్క చట్రం, దాని మీద రేకు, బల్లపరుపు అద్దం, విడిగా నిలబడే మడ్‌గార్డులు. మన లారీ వడ్రంగి ఆ చట్రం చూస్తే కొత్తగా నేర్చుకోవాల్సింది పెద్దగా ఉండదు.

టీసీయా, టీడీయా?

టీసీ 1945లో వచ్చింది. సన్నగా, ఎత్తైన 19 అంగుళాల స్పోక్ చక్రాలతో ఉంటుంది. చూపుకు అదే ముందు నచ్చుతుంది. చిక్కంతా ఆ చక్రాలతోనే. బుల్లెట్ బండికి కూడా 19 అంగుళాల స్పోక్ రిమ్ములు ఉన్నాయి కదా, అవే వేసేద్దాం అని మెకానిక్ అంటాడు. వద్దు. మోటార్ సైకిల్ మలుపులో వంగుతుంది కాబట్టి దాని స్పోకుల మీద పక్క నుంచి బరువు పెద్దగా పడదు. కారు వంగదు, మలుపులో బరువంతా చక్రాన్ని పక్కకి తోస్తుంది. కదలకుండా నిలబెట్టే బొమ్మ కారుకైతే ఆ రిమ్ములు సరే, నడిచే బండికి అవి ప్రమాదం.

అందుకే టీడీ. 1949 చివర నుంచి 1953 దాకా దాదాపు 30 వేల టీడీలు తయారయ్యాయి, వాటిలో ఎక్కువ భాగం అమెరికాకే వెళ్ళాయి. స్పోక్ చక్రాలు తీసేసి 15 అంగుళాల మామూలు ఇనుప డిస్క్ చక్రాలు పెట్టినందుకు అప్పట్లో అభిమానులు గొణిగారు. మనకు మాత్రం అదే వరం.

టీడీ ముందు వెనక చక్రాల మధ్య దూరం, అంటే వీల్‌బేస్, 94 అంగుళాలు (2,388 మి.మీ.). ట్రాక్, అంటే ఎడమ కుడి చక్రాల మధ్య దూరం, ముందు సుమారు 1,203 మి.మీ., వెనక 1,270. మొత్తం పొడవు 145 అంగుళాలు. ఇంజన్ 1,250 సీసీ.

డోనర్ బండి

డోనర్ అంటే మన రెప్లికాకు ఛాసీ (బాడీ కింది ఇనుప చట్రం), ఇంజన్ ఇచ్చే పాత బండి. అమెరికాలో టీడీ రెప్లికాలు ఎక్కువగా ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ మీద కట్టారు, ఎందుకంటే దాని వీల్‌బేస్ 2,400 మి.మీ. మన దేశంలో ఆ పని మారుతి జిప్సీ చేస్తుంది. జిప్సీ వీల్‌బేస్ 2,375 మి.మీ. తేడా 13 మి.మీ. మాత్రమే, అది ఎవరి కంటికీ కనపడదు. పైగా బీటిల్‌లా ఇంజన్ వెనక లేదు, ముందే ఉంది. నిచ్చెన లాంటి విడి ఛాసీ ఉంది. నాలుగు వైపులా కమాన్ పట్టీలు. ఇంజన్ కూడా తర్వాతి మోడళ్ళలో 1,298 సీసీ.

ఏ జిప్సీ అన్నది ముఖ్యం. 1993లో ట్రాక్ 90 మి.మీ. పెంచారు, ముందు 1,300, వెనక 1,310 అయింది. దాన్ని తీసుకుంటే ముందు టైర్లు మడ్‌గార్డు బయటికి పొడుచుకొస్తాయి, అక్కడే వేషం బయటపడుతుంది. అంతకు ముందు వచ్చిన నారో ట్రాక్ బండికి ముందు సుమారు 1,210 మి.మీ. ఉంటుంది, టీడీకి దాదాపు సరిపోతుంది. వెనక కాస్త లోపలికి ఉంటుంది, ఉండనివ్వండి. చక్రం వెనక చవక స్పేసర్ బిళ్ళలు పెట్టి టైరును బయటికి తోయకండి. నారో ట్రాక్ బండ్లలో ఇంజన్ 970 సీసీ, కార్బొరేటర్ ది. వేగం తక్కువే, కానీ వైరింగ్ సులువు, కంప్యూటర్ గొడవ లేదు.

కొనేముందు ఛాసీని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. ముఖ్యంగా కమాన్ పట్టీల హ్యాంగర్ల దగ్గర, వెనక క్రాస్ మెంబర్ లోపల. గోపాలపూర్, సోనాపూర్ తీరం వైపు తిరిగిన బండి అయితే ఉప్పు గాలికి లోపల నుంచే తిని ఉంటుంది. పైన కొట్టిన నల్ల రంగును నమ్మకండి. కొండ మీద, రాయగడ, కొరాపుట్ వైపు తిరిగిన బండ్లకు ఛాసీ మెరుగ్గా ఉంటుంది, గేర్‌బాక్స్ మాత్రం అరిగి ఉంటుంది. నేనైతే గేర్‌బాక్స్ అరిగిన దాన్నే తీసుకుంటాను.

చట్టం సంగతి ముందే తేల్చుకోండి

ఈ కారు రోడ్డు మీద తిరగడానికి కాదు. దీన్ని దాచిపెట్టి ఎవరు చెప్పినా నమ్మవద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది చేర్చిన 182ఏ సెక్షన్‌లో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని ఉంది. వింటేజ్ రిజిస్ట్రేషన్ దారి కూడా మూసుకుపోయినట్టే. 2021 నాటి ఆ నిబంధనలు 50 ఏళ్ళు దాటి, ఛాసీ, బాడీ, ఇంజన్ పెద్దగా మారని అసలు బండ్లకే వర్తిస్తాయి.

కాబట్టి సొంత తోట, ప్రైవేటు స్థలం, ప్రదర్శనలు, పెళ్ళి ఫొటోలు, షూటింగులు. ఎక్కడికి తీసుకెళ్ళినా లారీ మీదే.

జిప్సీని కోసేముందు దాని రిజిస్ట్రేషన్ రద్దు చేయించండి. 55వ సెక్షన్ కింద, మీరు ఉండే చోటి రవాణా ఆఫీసులో రిపోర్టు ఇచ్చి ఆర్సీ అప్పగించవచ్చు. బండి శ్రీకాకుళంలోనో విశాఖలోనో రిజిస్టర్ అయి ఉంటే ఇక్కడివాళ్ళు ఆ కాగితాలు అక్కడికి పంపుతారు. సరిహద్దులో ఉన్న మనకు ఇది తప్పని తిరుగుడు. ఫైలు రెండు రాష్ట్రాల మధ్య నడుస్తున్నంత కాలం బండిని ముట్టుకోకుండా కొలతలు తీసుకుంటూ కూర్చోండి, ఎలాగూ ఆ పనికే చాలా టైం పడుతుంది.

కొలతలు, గోడ మీద గీత

టీడీని సరిగ్గా పక్క నుంచి, దూరంగా నిలబడి జూమ్‌తో తీసిన ఫొటో సంపాదించండి. దగ్గర నుంచి తీసిన ఫొటోలో కెమెరాకు దగ్గరున్న భాగం పెద్దదిగా, దూరంగా ఉన్నది చిన్నదిగా వస్తుంది, దాన్ని పట్టుకుని కొలిస్తే అంతా వంకరే. ఫొటోలో రెండు చక్రాల నడిబొడ్డుల మధ్య దూరం 238.8 మి.మీ. వచ్చేలా ప్రింట్ తీయించండి. అప్పుడది సరిగ్గా పదో వంతు. ఫొటోలో ఒక మి.మీ. అంటే కారు మీద ఒక సెం.మీ. ముందు నుంచి, వెనక నుంచి తీసిన ఫొటోలకు కూడా ట్రాక్ కొలత పెట్టి ఇదే పని చెయ్యండి.

తర్వాత షెడ్డు గోడకు సున్నం వేసి, అసలు సైజులో కారు పక్క రూపం గీయండి. దీన్ని వదిలేయాలనిపిస్తుంది. వదలకండి. తలుపు పైఅంచు కిందికి జారి మళ్ళీ వెనక్కి లేచే ఆ వంపు కాగితం మీద ఎంత చూసినా అర్థం కాదు. గోడ మీద దూరంగా నిలబడి చూస్తే తప్పు వెంటనే తెలుస్తుంది. గీత నచ్చాక దాన్నే ప్లైవుడ్ మీదకు ఎత్తి టెంప్లేట్లు కోయండి.

అసలు కారు అంగుళాల్లో కట్టినది. మన వడ్రంగులూ అంగుళాలు, సూతుల్లోనే పనిచేస్తారు, సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. చెక్క పనికి అంగుళాల టెంప్లేట్లు, వెల్డర్‌కు మి.మీ. కాగితం ఇవ్వండి. రెండూ ఒకే మనిషికి ఇస్తే గందరగోళం.

ఫొటోలు పోగేసేటప్పుడు టీసీ, టీడీ ఫొటోలు కలిపేయకండి. టీసీలో స్పీడోమీటర్ పక్క సీటు ముందు ఉంటుంది, టీడీలో రెండు పెద్ద డయళ్ళూ డ్రైవర్ ముందే. టీడీల్లోనే మొదటి కార్లకు చతురస్రపు టెయిల్ ల్యాంపులు, చివరి కార్లకు గుండ్రటివి. ఒక ఏడాది కారును ఎంచుకుని దానికే కట్టుబడండి.

ఛాసీ: రేడియేటర్ ఎక్కడ ఉండాలి

రెప్లికా బతికేది, చచ్చేది ఇక్కడే. టీడీ ముఖం, అంటే రేడియేటర్ షెల్, ముందు ఇరుసుకు దాదాపు పైనే నిలబడుతుంది. జిప్సీలో రేడియేటర్ ఇరుసును దాటి బాగా ముందుకు ఉంటుంది. దాన్ని అక్కడే వదిలి చుట్టూ టీడీ బాడీ కడితే, ఎంత మంచి రంగు వేసినా ముక్కు పొడుగైన జీపులా కనిపిస్తుంది. చూసేవాడికి కారణం తెలియదు, కానీ ఏదో తేడా ఉందని మాత్రం తెలుస్తుంది.

కాబట్టి ఇంజన్, గేర్‌బాక్స్ వెనక్కి జరగాలి. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేస్, అంటే ఇంజన్ శక్తిని ముందు వెనక చక్రాలకు పంచే పెట్టె, గేర్‌బాక్స్‌కు అంటుకుని ఉండదు, మధ్యలో ఒక చిన్న షాఫ్ట్ ఉంటుంది. అందుకే ఇది సాధ్యం. ముందుగా ఇరుసు నడిబొడ్డు గీతను ఛాసీ మీద పంచ్‌తో గుర్తు పెట్టండి. చెక్కతో ఉత్తుత్తి రేడియేటర్ షెల్ చేసి ఆ గీత మీద నిలబెట్టండి. దాని వెనక అసలు రేడియేటర్, ఎలక్ట్రిక్ ఫ్యాన్, కాస్త ఖాళీ వదిలితే ఇంజన్ ఎక్కడికి జరగాలో అదే చెబుతుంది. ట్రాన్స్‌ఫర్ కేస్‌ను కూడా అంతే దూరం వెనక్కి జరిపి, వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను లేత్ మీద పొట్టి చేయించి బ్యాలెన్స్ చేయించండి. ముందు చక్రాలకు పోయే షాఫ్ట్ తీసేయండి, మనకు ఫోర్ వీల్ అక్కర్లేదు.

కొత్త ఇంజన్ మౌంట్లు కనీసం 6 మి.మీ. ప్లేటుతో. స్టీరింగ్ షాఫ్ట్‌ను కోసి వెల్డ్ చేయించవద్దు, కోణం మార్చాలంటే స్ప్లైన్ (పళ్ళ గాడులు) ఉన్న యూనివర్సల్ జాయింట్లు వాడండి. జిప్సీ పెడళ్ళు బాడీ గోడకు వేలాడతాయి, ఆ గోడ పోతుంది కాబట్టి వాటికి ఛాసీ నుంచి వేరే స్టాండు కట్టాలి. వెల్డింగ్ అంతా అయ్యాక మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవండి. తేడా 3 మి.మీ. దాటితే బాడీ పని మొదలుపెట్టకండి.

ఎత్తు గురించి ఒక మాట. జిప్సీ నేల నుంచి 210 మి.మీ. లేస్తుంది. టీడీ నేలకు బాగా దగ్గరగా ఉంటుంది. కమాన్ పట్టీలు కట్టేవాళ్ళ దగ్గర పట్టీలను కాస్త చదును చేయించి, బరువుకు తగ్గట్టు ఒకటి తీయించవచ్చు. దానికన్నా ఎక్కువ లాభం బాడీని ఛాసీ మీద పెట్టకుండా ఛాసీకి రెండు వైపులా కిందికి దింపడంలో ఉంది. జిప్సీ ఛాసీ ఇరుకైనది కాబట్టి సీట్లు దాని నిలువు దూలాల బయట పక్కన కూర్చుంటాయి. మధ్యలో ఎత్తైన టన్నెల్ వస్తుంది, దాన్ని కార్పెట్ కప్పేస్తుంది.

ముందు డిస్క్ బ్రేకులు ఉంచేయండి. టీడీకి అవి లేవు, కానీ ఇనుప చక్రాల వెనక ఏముందో ఎవరికీ కనపడదు. టైర్లు మాత్రం వెడల్పు తక్కువగా, పక్కగోడ ఎత్తుగా ఉండాలి. టీడీకి 5.50-15. అంబాసిడర్ వాడిన 5.90-15 దానికి దగ్గర. రిమ్ వెడల్పు టైరుకు సరిపోతుందో లేదో టైర్ల షాపులో చూపించుకున్నాకే ఎక్కించండి.

చెక్క చట్రం

అసలు కారులో యాష్ చెక్క. మనకు టేకు. ఎండి, నిలవ ఉన్న పాత టేకు దొరికితే మంచిది, పాత ఇళ్ళ దూలాలు, ద్వారబంధాలు అమ్మేచోట వెతకండి. కొత్త కొయ్య అయితే బిల్లు, ఫారెస్టు కాగితాలు ఉంచుకోండి, సరిహద్దు చెక్‌పోస్టు దాటించాలంటే తప్పవు.

చట్రంలో ముఖ్యమైనవి కింది సిల్లులు (తలుపుల కింద పొడవునా ఉండే కొయ్యలు), తలుపు స్తంభాలు, డ్యాష్ వెనక అడ్డకొయ్య, వెనక వంపు. తలుపులు వెనక వైపు కీళ్ళతో వెనక్కి తెరుచుకుంటాయి, కాబట్టి బరువంతా వెనక స్తంభం మోస్తుంది. దాన్ని సిల్లుకు సగం సగం చెక్కి కలిపి, లోపల ఇనుప కోణం పెట్టి బోల్టు చెయ్యండి. మేకులతో సరిపెట్టనివ్వకండి. వడ్రంగి 'లారీకి ఇలాగే చేస్తాం, ఏం కాదు' అంటాడు. లారీకి తలుపు ఇంత సన్నని స్తంభం మీద వేలాడదు.

వానాకాలంలో చట్రం బిగించవద్దు. ఆషాఢంలో ఉబ్బిన చెక్కకు కొలత పెట్టి రేకు కప్పితే, మాఘం నాటికి చెక్క ముడుచుకుని తలుపు సందులు మారిపోతాయి. చెక్క పని శీతాకాలంలో మొదలుపెట్టి ఎండాకాలం ముందే రేకు ఎక్కించడం నయం. రేకు కింద పడే ప్రతి కొయ్య ముఖానికి ముందే రంగు కొట్టండి, తర్వాత ఆ చోటికి చెయ్యి దూరదు.

రేకు పని, ఫైబర్ పని

తలుపులు, పక్కలు, బానెట్ 20 గేజ్ రేకుతో చెయ్యండి. ఇవన్నీ ఒకే దిక్కున వంగేవి, పైపు మీద వేసి వంచితే వస్తాయి. బానెట్ నాలుగు ముక్కలు. నడుమ పొడవాటి పియానో హింజ్, దాని నుంచి రెండు రెక్కలు లేస్తాయి, పక్క రేకులకు గాలి కోతలు ఉంటాయి. ఆ కోతల వరస కంటికి ముందు పడేది. ఫొటోలో లెక్కపెట్టి, ఎడం కొలిచి, ఒక డై చేయించి ప్రెస్ మీద కొట్టించండి. చేత్తో ఒక్కొక్కటి కోస్తే వరస పాముబాటలా తిరుగుతుంది.

మడ్‌గార్డులు వేరే కథ. అవి రెండు దిక్కుల్లో వంగుతాయి. ఇసుక సంచి మీద సుత్తితో రేకు సాగదీసే పాత మేస్త్రీ దొరికితే అదృష్టం, దొరక్కపోతే గోపాలపూర్ వైపు వెళ్ళండి. పడవలకు ఫైబర్ వేసే చేతికి మడ్‌గార్డు చిన్న పనే.

ప్లైవుడ్ టెంప్లేట్లు నిలబెట్టి, మధ్య ఖాళీలు నింపి, పైన ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో రూపం తేవాలి. నున్నగా పాలిష్ చేసి, మైనం పూసి, దాని మీద అచ్చు తీయాలి, అచ్చులో మడ్‌గార్డు పొయ్యాలి. ఎడమది తిప్పి కుడికి వాడలేరు, అవి అద్దంలో బింబాల్లాంటివి, కాబట్టి ముందు వెనక కలిపి నాలుగు అచ్చులు. జెల్‌కోట్ (అచ్చులో ముందు పూసే పైపూత) తర్వాత ఒక వరస పలుచని గాజు పీచు మ్యాట్, పైన రెండు వరసలు 450 గ్రాముల మ్యాట్ చాలు, బోల్టులు పడేచోట ఇంకో రెండు. అంచు వెంట సన్న ఇనుప కడ్డీ లోపల పెట్టి మూసేయండి. రేకు మడ్‌గార్డుకు ఉండే గుండ్రటి అంచు అప్పుడే వస్తుంది. అది లేకపోతే ప్లాస్టిక్ అని దూరం నుంచే తెలిసిపోతుంది.

జాగ్రత్త ఒకటుంది. రెజిన్‌లో కలిపే హార్డెనర్‌నూ కోబాల్ట్ యాక్సిలరేటర్‌నూ ఎప్పుడూ నేరుగా ఒకదానిలో ఒకటి పొయ్యకండి. భగ్గుమంటుంది, పేలే ప్రమాదం కూడా ఉంది. కోబాల్ట్ ముందే రెజిన్‌లో కలిపేసి, హార్డెనర్ చివర్లో కొలిచి వెయ్యాలి. మాస్కు, కళ్ళద్దాలు తప్పనిసరి.

మడ్‌గార్డుకూ బాడీకీ మధ్య సన్నని బీడింగ్ పెట్టి బోల్టు చెయ్యాలి. పుట్టీతో ఆ అతుకు మూసి నున్నగా చేసేస్తామని పెయింటర్లు ఉత్సాహపడతారు. ఒప్పుకోకండి. విడివిడి ముక్కలు బోల్టులతో కలిసినట్టు కనపడటమే ఆ కాలపు కారు లక్షణం.

ముఖం: రేడియేటర్ షెల్

గంజాం జిల్లా బెల్లగుంఠలో ఇత్తడి చేప చేస్తారు, ముక్కలు ముక్కలుగా కీళ్ళతో, చేతిలో పట్టుకుంటే మెలికలు తిరుగుతుంది. అంత సన్న పని చేసే చోట షెల్‌కు ఇత్తడి రేకు వంచి అతికించే మనిషి దొరక్కపోడు. చెక్క అచ్చు మీద కొట్టించి, అతుకులు టంకం వేయించి, క్రోమ్ వేయించండి. క్రోమ్ పూత తప్పులు దాచదు, ఇంకా ఎత్తి చూపిస్తుంది. పూతకు పంపేముందు మీరే చేత్తో తడిమి, గీత తగిలినచోట మళ్ళీ బఫింగ్ చేయించండి. మొత్తం కారులో డబ్బు బాగా తినేది ఈ క్రోమ్ పనే, హెడ్‌లైట్ డొప్పలు, బంపర్లు, అద్దం చట్రం అన్నీ కలిపి ఒకేసారి పంపితే కాస్త కలిసొస్తుంది.

ఎనిమిది కోణాల బ్యాడ్జీ పెట్టవద్దు. ఎంజీ పేరు మీద మన దేశంలో 2019 నుంచి కొత్త కార్లు అమ్ముతున్నారు, ఆ గుర్తు నడుస్తున్న ట్రేడ్‌మార్క్. అదే ఇత్తడి పనివాడి చేత మీ ఇంటిపేరు అక్షరాలతో గుండ్రటి బిళ్ళ చేయించండి. కట్టిన సంవత్సరం, 'రెప్లికా' అన్న మాట చెక్కిన ప్లేటును ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ సీట్లకూ మధ్య గోడ) మీద రివెట్ చెయ్యండి. రేపు బండి చేతులు మారినా దాన్ని అసలుదని అమ్మే వీలుండదు.

అద్దం, సీట్లు, రంగు

ముందు అద్దం బల్లపరుపు కాబట్టి స్థానికంగానే కోయించవచ్చు. ల్యామినేటెడ్ గ్లాసే అడగండి, టఫెన్డ్ గ్లాసు కోస్తే పొడి అవుతుంది. చట్రం బానెట్ మీదకు పడుకునేలా ఉండాలి.

సీట్లకు రెండు విడి కుషన్లు, వెనక ఆనుకోవడానికి ఇద్దరికీ కలిపి ఒకటే పలక. మందపాటి ఫోమ్ వేస్తే సోఫాలా ఉబ్బుతుంది. రబ్బర్ కలిపిన కొబ్బరి పీచు షీటు మీద పలుచగా ఫోమ్ వేసి నిలువు మడతలు కుట్టించండి. పెట్రోలు ట్యాంకు టీడీలో వెనక బయటికే కనిపిస్తుంది, దాని వెనక స్పేర్ చక్రం. జిప్సీ ట్యాంకును కిందే ఉంచి, పైన ఆ ఆకారంలో ఖాళీ డొప్ప పెట్టడం సులువు.

రంగు మెటాలిక్ వద్దు. ఎరుపు, ఆకుపచ్చ, నలుపు, క్రీమ్, ఏదైనా సాదా రంగు. సముద్రపు తేమకు ముందు ఎపాక్సీ ప్రైమర్, తర్వాత పీయూ పెయింట్. మబ్బు పట్టిన రోజు స్ప్రే చేస్తే తెల్లబారుతుంది, మాఘ ఫాల్గుణాల్లో పొద్దున్న పదింటి తర్వాత మొదలుపెట్టండి. ఛాసీ పెట్టెల లోపలికి మైనం స్ప్రే చేయించడం మర్చిపోవద్దు, పైన ఎంత మెరిసినా తుప్పు మొదలయ్యేది లోపలే.

చిన్న సంగతులు

పైకి కనపడే ప్రతి స్క్రూ ఒకే గాడి ఉన్నదై ఉండాలి. ప్లస్ గుర్తు స్క్రూ ఒక్కటి డ్యాష్ మీద కనిపించినా తెలిసినవాడు నవ్వుతాడు. హెడ్‌లైట్లలో పసుపు వెలుగు బల్బులు, తెల్ల ఎల్ఈడీలు వద్దు. వైర్ల కట్టకు నల్ల గుడ్డ టేపు చుట్టండి. ప్లాస్టిక్ టైలు కత్తిరించి తీసేయండి. స్టీరింగ్ చక్రానికి సన్న తీగల ఆకులు ఉండాలి. లావుగా ఉండే రేసింగ్ స్టీరింగ్ పెట్టుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది, అది మాత్రం ఈ కారులో కాదు.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు బానెట్ తీసి, పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకోండి. తోటలో నడక వేగంతో రెండు రౌండ్లు తిప్పి, ప్రతి బోల్టూ మళ్ళీ బిగించండి, చెక్క చట్రం మొదట్లో కాస్త సర్దుకుంటుంది. తలుపు సందులు అప్పుడే చివరిసారి సరిచేయాలి, అంతకు ముందు చేసినా వృథా. లారీ మీద ఎక్కించేటప్పుడు కట్టే బెల్టులు ఇరుసులకు కట్టండి, బంపర్లకు కట్టవద్దు. రద్దు చేసిన రిజిస్ట్రేషన్ కాగితాల కాపీ, జిప్సీ కొన్న బిల్లు లారీ డ్రైవర్ దగ్గర ఉంచండి. ఇచ్ఛాపురం దగ్గర ఆపి ఇదేం బండి అని అడిగితే, చూపించడానికి అవే కావాలి.